మన చేనికి మనమే యాత్రికులము



మన నాగల్‌గిద్ద ప్రాంతము నుండి ఏటేటా ఎందరో భక్తులు యాత్రలకు బయలుదేరుచున్నారు. ఆషాఢమున విఠలుని దర్శనమునకు పండరిపురము పోవువారు కలరు. తిరుపతికి, శ్రీశైలమునకు, శక్తి కొలది కాశీకి పోవువారును కలరు. తిరిగివచ్చిన పిమ్మట అక్కడి నది ఎంత నిండుగ నున్నది, అక్కడి కొండలు ఎంత పచ్చగ నున్నవి అని నెలల తరబడి చెప్పుకొందురు. వినుటకు ఆనందముగనే యుండును. అయితే “మీ ఊరిలో చూడదగినది ఏమున్నది?” అని ఎవరైన అడిగినచో మాత్రము, “ఏమున్నదండీ, ఎండ, దుమ్ము, నల్లరేగడి” అని నవ్వి ఊరకుందురు. ఆ సమాధానమును గురించియే నేడు నాలుగు మాటలు విన్నవించుకొందును.

భగవద్గీత పదవ అధ్యాయమున అర్జునుడు స్వామిని ఒక ప్రశ్న అడిగినాడు. ఏయే వస్తువులలో నిన్ను భావించుకొనవలెను అని. దానికి స్వామి స్థావరములలో హిమాలయము తాననియు, నదులలో గంగ తాననియు చెప్పినాడు. ఆ రెండు మాటలను మనము గట్టిగ పట్టుకొన్నాము. రైలు టిక్కెట్లు కొని అక్కడికి పోవుచున్నాము. మంచిదే. కాని ఆయన అంతటితో ఆగలేదు. మాసములలో మార్గశీర్షము తాననియు, ఋతువులలో వసంతము తాననియు సెలవిచ్చినాడు. మార్గశీర్షమును చూచుటకు ఏ బండియు ఎక్కనక్కరలేదు గదా! అది తానుగనే మన గడపలోనికి వచ్చుచున్నది. స్వామి తన విభూతులలో కొన్నింటిని దూరమున నుంచి, కొన్నింటిని మన వాకిట నిలిపినాడు. దూరమున నున్నవానికి మ్రొక్కి, వాకిట నున్నవానిని దాటిపోవుచున్నాము. పెరటిచెట్టు మందుకు పనికిరాదను సామెత మనవారు ఊరకనే పుట్టింపలేదు.

మంజీర సంగతి చూడుడు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకమును దాటి, మన పొలిమేరల మీదుగా తెలంగాణములో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియు ఈ నది పొడవు 724 కిలోమీటర్లు. సింగూరు వద్ద 29.91 టి.ఎం.సి.ల నీరు నిలుచునట్లు ఆనకట్ట కట్టినారు. ఆ నీరు భాగ్యనగరవాసుల బిందెలలోనికి కూడ పోవుచున్నది. గరుడగంగ యని పెద్దలు పేరు పెట్టిన ఆ తల్లి ఒడ్డున, హేమంతపు ఉదయమున పొగమంచు లేచుచుండగ ఒక్క గడియ నిలిచి చూచినవారు మనలో ఎందరు?

అయినను మన ప్రాంతపు పెద్దలు ఈ చూపును పూర్తిగ మరువలేదు. అందుకు సాక్ష్యము ఎల్లమావాస్య. మార్గశిర బహుళ అమావాస్యనాడు వచ్చు ఈ పండుగను కోస్తా వారికి చెప్పినచో ఆశ్చర్యపడుదురు. అది ఇటు నారాయణఖేడ్, జహీరాబాదులలోను, అటు బీదరు, కలబురగి, లాతూరు ప్రాంతములలోను జరుగును. 1956 వరకు మన నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనిదే. రాష్ట్రములు విడిపోయినను పండుగ విడిపోలేదు.

ఆనాడు ఇంటిల్లిపాదియు చేనికి పోవలెను. చేనిలో జొన్నచొప్పతో చిన్న పందిరి వేసి, అయిదు రాళ్లను కడిగి, సున్నము పూసి, బొట్లు పెట్టి, పంచపాండవులుగ పూజింతురు. ఆ ఋతువున దొరకు కాయగూరలు, ఆకుకూరలు, పచ్చిగింజలు అన్నియు కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టె, అంబలి నైవేద్యము. తాము తినుటకు ముందు చేను చుట్టును తిరిగి పొలి చల్లుదురు. పిమ్మట జొన్న వెన్నుల నడుమ, ఎండుచున్న కందికాయల గలగలలు వినుచు కూర్చుండి భుజింతురు. ఏడాది పొడవున కలుపు కొరకు, పురుగు కొరకు, ఎరువుల అప్పు కొరకు చూచిన ఆ చేనినే, ఆ ఒక్కనాడు ఏ పనియు లేక ఊరక చూతురు. ఆ చూపు కొరకే ఈ పండుగ పుట్టినదని నా అభిప్రాయము.

(ప్రసంగవశమున ఒక మాట. గీతలో వసంతమునకు వాడిన పదము కుసుమాకరము, అనగా పూలకు గని. మన రేగడిలో కుసుమ అను పంటయే కలదు. అది వసంతమునకు ముందే, శిశిరముననే, నారింజవన్నెలో పూచి నిలుచును. ముండ్లకు జడిసి దగ్గరకు పోముగాని, దూరము నుండి చూచినను చాలును.)

భాగవత దశమస్కంధమున గోవర్ధనపూజ ఘట్టము మీరెరిగినదే. ఇంద్రునకు యాగము చేయబోవుచున్న నందునితో బాలకృష్ణుడు, మనకు గ్రాసమిచ్చు ఈ కొండను, ఈ గోవులను పూజింపరాదా అన్నాడు. గోపికలు ఎడ్లబండ్లు ఎక్కి, పాడుచు ఆ గిరికి ప్రదక్షిణము చేసినారని అక్కడ ఉన్నది. ఎల్లమావాస్యనాడు వరుసగ చేలకు సాగు బండ్లను చూచినపుడెల్ల నాకు ఆ ఘట్టమే తలపునకు వచ్చును. ఇప్పుడు ఎడ్లబండ్లు తగ్గి ట్రాక్టర్లు హెచ్చినవి. ఉండనిండు, పాట ఉన్న చాలును.

ఇక్కడ ఒక సందేహము రాక మానదు. దసరా వెళ్లిన పిమ్మట మన గ్రామముల నుండి, ముఖ్యముగ తండాల నుండి, చెరకు నరుకుటకు పిల్లాపాపలతో దూరప్రాంతములకు పోవు కుటుంబములు ఇప్పటికిని కలవు. వారికి ఋతువు మారుట యనగా ఇల్లు విడుచుట, ప్రయాణమనగా కూలి. మార్గశీర్షమున వారు పరుల చెరకుతోటల గట్టున గుడిసెలో నుందురు. ఇంటి వద్ద ముసలివారు, బడికి పోవు పిల్లలు మిగులుదురు. అట్టివారి ముందు ప్రకృతి సౌందర్యమును వర్ణించుట న్యాయమా? కడుపు నిండినవాని కన్నునకే పూలు కనబడునని అనువారికి నేను ఎదురు చెప్పను. వారి మాటలో నిజమున్నది.

అందుకే గోవర్ధన ఘట్టమును ఇంకొక మారు చదువుకొనవలెను. కృష్ణుడు గిరికి నైవేద్యము పెట్టుమని చెప్పుటకు ముందు, కుక్కలకును, పతితులకును, లోకము వెలిగా నుంచిన వారికిని తగినట్లు అన్నము పెట్టుడు, పసులకు గడ్డి వేయుడు అన్నాడు. కొండవంతు ఆ తరువాతనే వచ్చినది. మన దగ్గరనే ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని తలచుకొనుడు. అబద్ధపు సాక్ష్యము చెప్పినందుకు మొగలిపువ్వు శివపూజకు వెలియైనదని పురాణము. ఆ వెలియైన పువ్వునే అక్కడ స్వామి అందుకొనుచున్నాడు, దాని పేరునే తన పేరునకు ముందు చేర్చుకొన్నాడు.

ఎల్లమావాస్యనాడు చేను లేనివారిని, ఇరుగుపొరుగులను పిలుచుకొనిపోవుట మన ఆచారములో ఉన్నదే. రాబోవు పండుగకు, బండి కట్టుటకు ముందు ఒక్కమారు తండా వైపు పోయి రండు. వలస పోయినవారి అవ్వను, తాతను, పిల్లలను ఎక్కించుకొనుడు. పాండవుల ముందు వారి చేతనే మొదటి పొలి చల్లించుడు. చెరకు నరుకుడు ముగిసి వారి తల్లిదండ్రులు తిరిగివచ్చునప్పటికి ఫాల్గుణము వచ్చును, గట్లమీద మోదుగులు ఎర్రగ పూచియుండును, తండాలో హోలీ పాటలు మొదలగును. ఆ పిల్లలు తమవారికి, ఎవరి చేనిలో ఏమి తిన్నామో, జొన్న ఎంత ఎత్తు పెరిగినదో చెప్పుకొందురు.