గాలికీ మోతాదు ఉంది
(హిందూపురంలో చేసిన స్మారకోపన్యాసం)



మా పెద్ద డాక్టరమ్మగారి పేరున జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు, ఫొటోకి దండ వేసి రెండు మంచి మాటలు చెప్పి దిగిపోదామనుకున్నాను. ఆమే ఉంటే దండ సంగతి తర్వాత, కాన్పుగదిలో ఫ్యాను ఆపారా లేదా అని ముందు అడిగేవారు. ఉమ్మనీటితో తడిసిన బిడ్డకు గాలి తగిలితే ఆమెకు ఒళ్లు మండేది. ఇక్కడ పట్టుపురుగులు పెంచేవాళ్లు చాలామందే కూర్చున్నారు. పిల్లపురుగుల్ని ఉంచే చాకీ గది ఇరవయ్యేడు డిగ్రీలకు అటూఇటూ ఉండాలని మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాన్పుగదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 25 నుంచి 28. "పురుగుకు చేసే మర్యాద బిడ్డకు చెయ్యరా అమ్మా?" అని నర్సుల్ని నిలదీసేవారు.

పుట్టగానే ఏడవని బిడ్డ, కిలో, కిలోన్నర తూగే బిడ్డ. ఈ ఇద్దరి గురించే నా మాట. బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె, ఇంక్యుబేటరు కథ మీకు తెలిసిందే. పారిస్‌లో డాక్టరు తార్నియే, ఆయన వెనక బుదాఁ, అమెరికాలో టికెట్టు పెట్టి బిడ్డల్ని చూపించిన కూనీ. పత్రికలవాళ్లకు ఇష్టమైన కథ, నాకు అంత ఆసక్తి లేదు. పుట్టగానే బిడ్డ పరిస్థితికి మార్కులు వేసే 1952 నాటి అప్గార్ స్కోరు నర్సింగ్ పిల్లలకు కంఠతా వచ్చు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన అవ్వలు అనేది హిప్పోక్రటీసు పేరున ఉన్న గ్రీకు గ్రంథాల్లోనూ ఉంది. ఇద్దరిదీ తప్పే. ముందుకు పోదాం.

నేను ఏళ్ల తరబడి కూర్చుని చదివింది 1942 నుంచి 1973 వరకు నడిచిన ఇంకో కథ. 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్లలో నల్లగుడ్డు వెనక తెల్లటి పొర చూశాడు. ఆ తర్వాత పదేళ్లలో సుమారు పదివేల మంది పిల్లలకు చూపు పోయింది. విటమిన్లను అనుమానించారు, ఇనుమును అనుమానించారు, వెలుతురును అనుమానించారు. చిత్రమేమిటంటే, బీద ఆస్పత్రుల్లో కన్నా డబ్బున్న ఆస్పత్రుల్లోనే ఈ జబ్బు ఎక్కువ. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ గారు వేలెత్తి చూపింది ఆక్సిజన్‌ను. అంతకుముందే వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ కొందరు బిడ్డలకు ఎక్కువ, కొందరికి తక్కువ ఆక్సిజన్ ఇచ్చి పోల్చడం మొదలుపెట్టాడు. రాత్రిపూట నర్సులు తక్కువ ఇవ్వాల్సిన బిడ్డలకూ చప్పుడు కాకుండా ఆక్సిజన్ పెంచేవారు. డాక్టరు బిడ్డల్ని చంపుతున్నాడని వాళ్ల భయం. నేను వాళ్లను తప్పుపట్టను.

1953లో పద్దెనిమిది ఆస్పత్రులు కలిసి పెద్ద పరీక్ష చేశాయి. కిలోన్నర లోపు బిడ్డలే అందరూ. ఆక్సిజన్ తగ్గిస్తే చూపు నిలుస్తుందని తేలింది. సరిగ్గా ఇక్కడే నాకూ, దీన్ని అచ్చమైన విజయగాథగా పాఠాల్లోకి ఎక్కించిన పండితులకూ తగాదా. ఆ పరీక్షలోకి బిడ్డల్ని చేర్చుకున్నది పుట్టిన 48 గంటల తర్వాత. చిన్నబిడ్డ ప్రాణం పోయేది ఎక్కువగా ఆ రెండు రోజుల్లోనే కదా! ఆ రెండు రోజులూ దాటి బతికినవాళ్ల మీద తేల్చిన మాటను, అప్పుడే పుట్టిన బిడ్డకు అంటగట్టారు. ఆక్సిజన్ నలభై శాతం దాటకూడదని లక్ష్మణరేఖ గీశారు. మొదటి రోజున ఎంతమంది ఊపిరందక పోయారో లెక్కలోకే రాలేదు. 1973లో లండన్‌లో క్రాస్ అనే పరిశోధకుడు లెక్కగట్టాడు: ఒక్క బిడ్డ చూపు కాపాడటానికి పదహారుమంది పోయారని. ఆ పదహారు సరిగ్గా పదహారేనా అని నాతో వాదించేవాళ్లు ఉన్నారు, వాదించనివ్వండి. రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత 85-89 శాతం దగ్గర ఉంచిన బిడ్డల్నీ, 91-95 దగ్గర ఉంచిన బిడ్డల్నీ పోల్చిన పరీక్ష ఫలితాలు 2010లో అమెరికా నుంచి వచ్చాయి. తక్కువ ఉంచినవాళ్లలో కంటిజబ్బు తగ్గింది, చావులు పెరిగాయి. ముప్పయ్యేడేళ్ల తర్వాత మళ్లీ అదే మాట! తగాదా వదిలేస్తాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో మాత్రం చెప్పాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఊరు, ఆస్పత్రి చెప్పను. పెనుకొండ వైపు నుంచి పాతచీరలో చుట్టి తెచ్చిన ఆడబిడ్డ, పదకొండు వందల గ్రాములు. మాకున్నది ఒక సిలిండరు, ఒక ఫ్లోమీటరు. గాలితో కలిపి ఇచ్చే సాధనం లేదు, సంతృప్తత చూసే యంత్రమూ లేదు. బిడ్డ గులాబీరంగులో ఉంటే చాలనుకుని వారాల తరబడి ఆక్సిజన్ వదిలాను. బతికింది. అందరం మిఠాయిలు పంచుకున్నాం. కొన్ని నెలలకు తల్లి వచ్చి, "సార్, దీపం చూపిస్తే చూడడం లేదు పాప" అంది. ఆ తర్వాతే నేను టెర్రీని చదివింది.

డాక్టరమ్మగారి చేతిలో ఒక్కోసారి సిలిండరే ఉండేది కాదు. ఏడవని బిడ్డను బట్టతో గట్టిగా తుడిచి, చేత్తో నొక్కే అంబు బ్యాగుతో మామూలు గాలే కొట్టేవారు. లేమి వల్ల చేసిన పని అది. 1993లో ఢిల్లీలో రామ్‌జీ బృందం 84 మంది బిడ్డల మీద, 1998లో నార్వే డాక్టరు సౌగ్‌స్టాడ్ ఇంకా పెద్ద ఎత్తున, మామూలు గాలీ నూరు శాతం ఆక్సిజన్‌కు తీసిపోదని చూపించారు. 2010 నాటికి నెలలు నిండిన బిడ్డకు గాలితోనే మొదలుపెట్టాలన్నది నియమమైంది. దీన్ని పట్టుకుని "మన పాతపద్ధతే గొప్ప" అని చంకలు గుద్దుకోవద్దు. ఆమెకు సిలిండరు దొరికిన రోజున సిలిండరే వాడారు.

టైము లేదు, చిన్నబిడ్డల కోసం వచ్చిన మిగతావాటిని పరిగెత్తుతూ చెబుతాను. 1978లో బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి, అంటే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచడం. గడ్చిరోలిలో చేసి 1999లో బంగ్ దంపతులు ప్రచురించిన ఇంటింటి వైద్యం. 2003లో పురూలియాలో జిల్లా స్థాయి నవజాత శిశు విభాగం. 2005లో మన 108 అంబులెన్సు. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆస్పత్రి. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. ఆ దారిలో బిడ్డ చల్లబడకుండా ఉండాలంటే తల్లి ఒంటిని మించిన పెట్టె లేదు. మన దేశంలో రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ ముప్పయ్యో రోజు దాటకుండా కళ్లు చూపించాలి. చీటీ మీద ఆ తేదీ రాసి తల్లి చేతికివ్వండి. నేను ఇవ్వలేదు.

ఊపిరందక పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబరిచే వైద్యం గురించి, మన దేశంలోనూ, శ్రీలంకలోనూ, బంగ్లాదేశ్‌లోనూ చేసి 2021లో ప్రచురించిన హెలిక్స్ పరీక్షలో చల్లబరిచిన బిడ్డలే ఎక్కువమంది ఎందుకు పోయారో చెప్పాలని ఎనిమిది కాగితాలు రాసుకొచ్చాను. అధ్యక్షులవారి రెండో చీటీ కూడా వచ్చేసింది. అది ప్రశ్నల్లో అడగండి.