డప్పు మనది, సభ ఎవరిది?

(దళితవాడల కార్యకర్తలు, వాడ పెద్దలు, ఆడపడుచులు కలిసి కూర్చున్న సమావేశంలో మేము మాట్లాడిన మాటలివి. మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



పొద్దంతా కూలికి పోయొచ్చి, పొయ్యి మీద ఎసరు దించి, పిల్లల్ని ఒళ్లో వేసుకుని ఈ వేపచెట్టు కింద కూర్చున్నారు. మీ నిద్ర చెడగొట్టి ఉపన్యాసం దంచడానికి మేము రాలేదు. ఒక్క సంగతి మీ చెవిన వేసి పోదామని వచ్చాం.

మొన్నామధ్య మేము ఒక ఊరు పోయాం. ఆ ఊరి పేరు చెప్పం. ఎందుకంటే అది ఒక్క ఊరి కథ కాదు. పంచాయతీ ఆఫీసు గోడ మీద గ్రామసభ జరిగినట్టు కాగితం అంటించి ఉంది. వాడలోకి పోయి అడిగాం, సభకు పోయారా అని. "ఏ సభ? మాకెవరు చెప్పారు?" అన్నారు. మరి దండోరా వెయ్యలేదా? వేశారు. వేసిందెవరు? ఆ వాడ పెద్దాయనే. ఊళ్లో నాలుగు బజార్లూ తిరిగి డప్పు కొట్టి చాటాడు. వాడలో మాత్రం చాటలేదు. "ఏం తాతా, మన వాడలో ఎందుకు వెయ్యలేదు?" అంటే, "వాడలో వెయ్యమని చెప్పలేదు బాబూ, చెప్పిన కాడికి వేసొచ్చా" అన్నాడు.

తాతను తప్పు పట్టి లాభం లేదు. తరతరాలుగా మన చేత చాటించారు గానీ మనకెప్పుడూ చాటలేదు. డప్పు మనది. డప్పు మీది తోలు మనది. కొట్టిన చెయ్యి మనది. సభ మాత్రం వాళ్లది!

అక్కడితో అయిపోలేదు. ఆ సభ రిజిస్టరు చూపించమని పట్టుబట్టాం. వాడలో మురికికాలవ పని పక్కకు పెట్టి, ఊళ్లో ఉన్న రోడ్డు మీదే ఇంకో రోడ్డు వెయ్యాలని తీర్మానం రాసుంది. దాని కింద మనవాళ్ల సంతకాలు, వేలిముద్రలు పదకొండు ఉన్నాయి. సభకు పోని వాళ్లవి! రాత్రిపూట రిజిస్టరు వాడకు తెచ్చి "రేషను పని, వెయ్యండి" అన్నారంట, వేశారంట. వేలిముద్ర వేసిన ఒక అవ్వకు ఆ తీర్మానం చదివి వినిపించాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అయితే మా ఇంటి ముందు కాలవ నేనే పూడ్చుకున్నానా నాయనా?"

ఆ అవ్వ అడిగిన మాటకు జవాబు వెతకడానికే ఈ రాత్రి మనం కూర్చున్నాం.

గ్రామసభ అంటే ఏంటి? పెత్తందారు అరుగు మీద కూర్చునే నలుగురు పెద్దమనుషులు కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1992లో పార్లమెంటులో పాసయింది, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పంచాయతీలో ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. దీనికి నామినేషను లేదు, డిపాజిట్టు లేదు, పోటీ లేదు. ఎవరూ దయతలిచి ఇచ్చిన పదవి కాదు గనక ఎవరూ తీసెయ్యలేరు. సర్పంచి పదవి ఐదేళ్లు. మన పదవి జాబితాలో మన పేరున్నంత కాలం.

1994లో మన రాష్ట్రంలో వచ్చిన పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలంది. తెలంగాణ 2018లో చేసుకున్న చట్టం రెండు నెలలకోసారి పెట్టాలంది. ఏడాది జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, చెయ్యబోయే పనులు సభ ముందు పెట్టాలి. అంటే ఏంటి? ఓటు ఒక్కరోజు పండగ. అడగడం ఐదేళ్ల పని. మనం పండగ చేసుకుని పనికి పోవడం లేదు. మనం పోని చోట మన పేరు మీద ఇంకొకడు కూర్చుంటున్నాడు.

ఇక్కడ చదువుకున్న తమ్ముడొకడు మమ్మల్ని నిలదీశాడు. "అన్నా, బాబాసాహెబే పల్లెను నమ్మలేదు గదా, మీరు పల్లె పంచాయతీకి పొమ్మంటారేంటి?" అని. మంచి ప్రశ్న. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన నిజంగానే పల్లెను కడిగేశాడు. పల్లెను మోసేవాళ్లందరి ముందూ పల్లె అంటే సంకుచితమూ అజ్ఞానమూ తప్ప ఏముందని అడిగాడు. రాజ్యాంగం ఊరిని కాకుండా మనిషిని లెక్కలోకి తీసుకున్నందుకు సంతోషించాడు. ఎందుకంటే ఊరు అన్నప్పుడు అందులో వాడ లేదు. మనిషి అన్నప్పుడు మనమూ ఉన్నాం.

అయితే ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. 1932లో బొంబాయి శాసనమండలిలో పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు ఆయన దాన్ని వ్యతిరేకించాడు. అణగారిన కులాలకు ప్రత్యేకంగా సీట్లు లేని పంచాయతీ మాకొద్దన్నాడు. అంటే ఆయన వద్దన్నది మనం లేని పంచాయతీని. 1993 నుంచి మన జనాభాను బట్టి సర్పంచి, వార్డు సీట్లు మనకు రిజర్వు చెయ్యాలని, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లకు ఇవ్వాలని రాజ్యాంగమే రాసింది. 1932లో బాబాసాహెబ్ అడిగిన సీటు అరవై ఏళ్ల తర్వాత వచ్చింది. ఇప్పుడు మనం పోకపోతే ఎవరిది తప్పు?

సీటు రాగానే సరిపోతుందా అంటే సరిపోదు. మహద్ సంగతి వినండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చవ్‌దార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం వచ్చింది. నీళ్లు వచ్చాయా? రాలేదు. మూడేళ్లు ఎవరూ చెరువులో దిగలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని పోయి దోసిలి పట్టాకే అది హక్కయింది. మనవాళ్లను కొట్టారు. అదే ఏడాది మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. కేసు నడిచి నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనం గెలిచాం. చూశారా! ఒక స్థానిక సంస్థ తీర్మానం రాస్తుంది, అదే చేత్తో కొట్టేస్తుంది. మనం అడుగు పెట్టిన రోజే అది బతుకుతుంది.

మన దగ్గర మాత్రం? 1985 జూలైలో కారంచేడులో రగడ ఎక్కడ మొదలయింది? మాదిగవాడ మంచినీళ్ల చెరువు దగ్గర. గేదెల కుడితి మా తాగేనీళ్లలో కలపొద్దని అడిగినందుకు. ఆ అడిగిన పాపానికి జూలై 17న ఆరు ప్రాణాలు పోయాయి. నీళ్లు, కాలవ, దారి, శ్మశానం, ఇవి చిన్న పనులని ఎవడన్నా అంటే నమ్మకండి. ఊరి పెత్తనం అంతా వీటిలోనే ఉంది.

పక్క తమిళనాడులో కుర్చీ సంగతి చూడండి. మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం అనే పంచాయతీలు 1996లో దళితులకు రిజర్వయ్యాయి. దళితుడు అధ్యక్షుడా అని అగ్రకులాలు పదేళ్లు ఎన్నిక జరగనివ్వలేదు. నామినేషను వెయ్యనివ్వరు, వేసి గెలిస్తే రాజీనామా చేయిస్తారు. 2006లో గానీ అక్కడ కుర్చీలు నిండలేదు. అదే జిల్లాలో మేలవళవు పంచాయతీకి గెలిచిన మురుగేశన్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్లను 1997 జూన్ 30న నరికి చంపారు. కుర్చీ ఉత్త చెక్కే అయితే దాని కోసం అంత నెత్తురు ఎందుకు పారిస్తారు? దానిలో ఏముందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

మన ఊళ్లలో నరకడం అక్కర్లేకుండానే పని కానిస్తున్నారు. దాని పేరు ఏకగ్రీవం. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చుని, "గొడవలెందుకు, ఊరంతా ఒక్కమాట మీద ఉందాం" అంటారు. గుడికింత అని వేలంపాట పెట్టిన ఊళ్లూ ఉన్నాయి. సీటు మనకు రిజర్వయితే దొర తన పాలేరును నిలబెడతాడు. సంతకం పాలేరుది, రిజిస్టరు దొర ఇంట్లో. ఊరంతా ఒక్కమాట అన్నప్పుడు ఆ ఒక్కమాట ఎవరి నోట్లోంచి వచ్చిందో చూడాలి. తెలంగాణ 2018 చట్టం చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలంది. సర్పంచి మనవాడు, ఉపసర్పంచి దొర మనిషి అయితే ఏమవుతుందో మీకు చెప్పాలా? అందుకే వార్డు సభ్యుల ఎన్నిక కూడా మనకు ముఖ్యమే.

భయపడాల్సిన పని లేదు. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీ మనిషిని ఓటు వెయ్యకుండా ఆపినా, నామినేషను వెయ్యనివ్వకపోయినా, వేసింది బెదిరించి వెనక్కి తీయించినా నేరం. గెలిచిన సర్పంచిని, వార్డు సభ్యుణ్ణి తన పని తనను చేసుకోనివ్వకుండా బెదిరించి అడ్డుపడినా నేరం. ఎన్నికయ్యాక కక్షగట్టి సాంఘిక బహిష్కరణ చేసినా నేరం. ఈ సంగతి ప్రతి వాడలో ప్రతి గడపకూ తెలియాలి.

ఇక చెయ్యాల్సిన పనులు. చాంతాడంత జాబితా మా దగ్గర లేదు. ఐదే పనులు.

ఒకటి. సభ ఎప్పుడో ముందే కనుక్కోండి. దండోరా మన వాడలో వేయించండి. డప్పు మనదే గదా!

రెండు. ఒక్కరు పోవద్దు. ఒక్కరు పోతే తాగొచ్చాడంటారు, రౌడీ అంటారు. ఇంటికొకరు పోండి. ఆడవాళ్లు ముందు కూర్చోండి. బిందె మోసేది వాళ్లు, మురుగు తొక్కేది వాళ్లు, మాట్లాడాల్సింది కూడా వాళ్లే.

మూడు. అడిగేది కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట గాలికి పోతుంది.

నాలుగు. తీర్మానం చదివి వినిపించే దాకా వేలు ముందుకు చాపకండి. రాత్రిపూట వాడకు వచ్చిన రిజిస్టరులో ఎవ్వరూ సంతకం పెట్టొద్దు. సభలోనే పెడతాం అని చెప్పండి.

ఐదు. తీర్మానం నకలు ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రం చేసిన నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1994 డిసెంబరులో రాజస్థాన్ పాలీ జిల్లా కోట్ కిరానాలో కూలిజనం సభ పెట్టి, ప్రభుత్వ పనుల మస్టర్లు బహిరంగంగా చదివించారు. పని చెయ్యని వాళ్ల పేర్లు, కట్టని కట్టడాలు అక్కడే బయటపడ్డాయి. సమాచార హక్కు కోసం సాగిన ఉద్యమం ఆ సభల్లోంచే బలపడింది. మన దగ్గర కూడా 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు జరిపారు. కూలోళ్లే గుమిగూడి పేరు పేరునా చదివించుకున్నారు. చదువు రాని వాళ్లకు కూడా లెక్క వచ్చు. తను ఎన్ని రోజులు గడ్డపార పట్టిందీ ఏ అక్క మర్చిపోతుంది?

చివరగా మన ఇంటి మాట కూడా మాట్లాడుకోవాలి. ఎదుటివాణ్ణి తిట్టినంత తేలిక్కాదు ఇది. ఎన్నికల ముందు రాత్రి మన వాడలో ఏం పంచుతారో మనకు తెలుసు. ఆ రాత్రి చెయ్యి చాపితే ఐదేళ్లు నోరు లేవదు. మాలలు పోతే మాదిగలు పోరు, మాదిగలు పోతే మాలలు పోరు. రెండు పల్లెల మురుగూ ఒక్క గుంటలోనే కలుస్తుంది, మనమే కలవం! ఆడబిడ్డ సర్పంచి అయితే మొగుడు కుర్చీలో కూర్చుంటాడు. ఊరోడు చేస్తే పెత్తనం, మనం చేస్తే సంసారమా? దొర పెత్తనం పోవాలంటే ముందు ఇంట్లో పెత్తనం పోవాలి.

మొదట చెప్పిన ఊరికి మళ్లీ పోయాం. తర్వాత సభకు తాత డప్పు ముందు వాడలో కొట్టి, ఆ తర్వాత ఊళ్లోకి పోయాడు. వాడ నుంచి నలభైమంది దాకా కదిలారు. ఆఫీసు ముందు కింద కూర్చున్నారు. అరిచిన వాళ్లు అరిచారు. ఆ అవ్వ లేచి, "పోయినసారి నేను రాని సభలో నా వేలుంది. ఇయ్యాల నేనొచ్చా. నా కాలవ రాయండి, రాసింది చదవండి, అప్పుడు వేలేస్తా" అంది. రాశారు. చదివారు. అప్పుడు వేసింది.

కాలవ ఇంకా తవ్వలేదు. ఆ మాట దాచిపెట్టి చప్పట్లు కొట్టించుకోం. కానీ రాసిన రిజిస్టరు ఉంది, దాని నకలు అవ్వ ట్రంకుపెట్టెలో ఉంది, మళ్లీ సభ ఉంది. వచ్చే సభలో ఆ కాగితం పట్టుకుని అడుగుతారు. అప్పటికీ తవ్వకపోతే ఆ పై సభలో అడుగుతారు. ప్రజాస్వామ్యం అంటే మాకు తెలిసింది ఇదే. అడగడం మానకపోవడం.

రేపు పొద్దున మీ ఊరి గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. డప్పు తియ్యండి. ఈసారి ముందు మన వాడలో మోగాలి.

జై భీమ్!