లాప్‌టాప్ లేవకుంటే ముందు లెక్కలు కాపాడుకోవాలె
(వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం లాప్‌టాప్. "మాకెందుకమ్మా, అది లెక్కలు రాసేటామె చూసుకుంటది" అని కొందరు అనుకుంటున్నరు, మొఖాలు చూస్తే తెలుస్తున్నది. కానీ పంచసూత్రాలల్ల పుస్తక నిర్వహణ ఒకటి. ఇప్పుడు ఆ పుస్తకం సగం లాప్‌టాప్‌లోకి పోయింది. బ్యాంకు లింకేజీ అప్పు బ్యాంకు కంప్యూటర్‌లో ఉంటది, స్త్రీనిధిది స్త్రీనిధి దగ్గర ఉంటది. మన పొదుపు నుండి మనం ఇచ్చుకున్న అప్పులు, ఎవరు ఎన్ని కిస్తులు కట్టిన్రు, ఎవరిది ఎంత వడ్డీ నిలిచింది, ఇదంతా మా లాప్‌టాప్‌లనే ఉండె.

మార్చి నెలల అది మొండికేసింది. ఆడిట్‌కు వారమే ఉంది.

బటన్ నొక్కితే లైటే రాకుంటే కరెంటు సంగతి చూడాలె. ఛార్జర్ తీసేసి, బటన్ అరనిమిషం నొక్కి పట్టి, మళ్ళ ఛార్జర్ పెడితే కొన్నిసార్లు అంతటితోనే లేస్తది. మా దానికి లైటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, నల్ల తెర మీద 'నో బూటబుల్ డివైస్' అని పడ్డది. అంటే మిషన్‌కు ప్రాణం ఉంది, విండోస్ ఎక్కడుందో దానికి దొరకట్లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి మరిచిపోయినా ఒక్కోసారి ఇట్లనే అంటది, ముందు అది తీసి చూడాలె. తర్వాత ఆన్ చేయంగనే ఎఫ్2 నొక్కితే సెట్టింగుల పేజీ వస్తది. కొన్ని కంపెనీలకు బటన్ వేరే ఉంటది. అక్కడ హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తే విండోస్ చెడిపోయి ఉండొచ్చు. పేరే లేకుంటే లోపల వదులైనా అయి ఉండాలె, డిస్కే పోతున్నా ఉండాలె.

మా దాంట్ల పేరు ఒకసారి కనిపించింది, ఒకసారి లేదు. చెవి పెట్టి వింటే టిక్కుటిక్కుమని సప్పుడు. పాశమైలారం కంపెనీలల్ల షిఫ్టులు చేసే అక్కలకు ఇది నేను చెప్పక్కర్లేదు. బేరింగ్ పోతుందంటే మిషన్ సప్పుడు మారుతది, వెంటనే ఆపుతరు. పాత రకం హార్డ్ డిస్క్ గూడ తిరిగే మిషనే. లోపల అద్దం లాంటి పళ్ళెం చాలా లాప్‌టాప్‌లల్ల నిమిషానికి 5400 సార్లు తిరుగుతది. దాని మీద, వెంట్రుక మందం కన్నా తక్కువ ఎత్తుల, చదివే ముల్లు కదులుతది. ఆ ముల్లు పళ్ళేనికి రాసుకుంటే లెక్కలున్న పొరనే గీసుకపోతది. ఆత్రంతోటి మళ్ళ మళ్ళ ఆన్ చేసినకొద్దీ నష్టం పెరుగుతది. కొత్త ఎస్‌ఎస్‌డీల తిరిగేదేమీ లేదు. అది పోయేటప్పుడు సప్పుడు గూడ చెయ్యదు.

రిపేరు షాపాయన చూడంగనే "ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తా, సాయంత్రం తీస్కపోండి" అన్నడు. ఈ మాట దగ్గర మనం గట్టిగ ఉండాలె. లాప్‌టాప్ లేచి నిలబడితే ఆయన పని అయిపోయినట్టే. మన లెక్కలు ఏమైనయో ఆయనకెందుకు? "ముందు డాటా తీయి, తీసింది చూపెట్టు, తర్వాతనే ఫార్మాట్" అని రశీదు మీద రాయించుకోవాలె. పాత డిస్క్ తిరిగి తీసుకోవాలె, దాంట్ల మన ఆధార్ నకళ్ళు, పాస్‌బుక్కుల ఫొటోలు ఉంటయి. మాది ఇంకో షాపుల డిస్క్ విప్పి, కేబుల్‌తోని వేరే కంప్యూటర్‌కు తగిలించి తీసిన్రు. చాలావరకు దొరికినయి, కొన్ని ఫైళ్ళు తెరుచుకోలే. వాటిని మినిట్స్ పుస్తకాలు ముందు పెట్టుకొని ఐదు రోజులు కూసొని మళ్ళ ఎక్కించినం. చేతిరాత దండుగ అన్నోళ్ళు ఆ ఐదు రోజులు మాట్లాడలే.

మన జిల్లాల జహీరాబాద్ దిక్కు సంఘాల అక్కలు బూడిద, వేపాకు కలిపి విత్తనాలు దాచుతరు. ఒకరింట్ల పురుగు పడితే ఇంకొకరింట్ల దొరుకుతయి. పటాన్‌చెరులనే 1972ల పెట్టిన ఇక్రిశాట్ ఉంది, జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లి విత్తనాలు చల్లగదులల్ల ఉంచుతరు. అంత పెద్ద సంస్థ గూడ ఇక్కడి కాపీ చాలనుకోలే. ఇంకో జత నార్వే దేశంల మంచు కొండ లోపలి ఖజానాకు పంపింది.

అందుకని సభ ముందు నేను పెట్టేది ఇది. ప్రతి గ్రామ సంఘం ఒక బయటి హార్డ్ డిస్క్ కొనాలె. నెలవారీ మీటింగ్ రోజే లెక్కలు దాంట్లకు ఎక్కించి, ఎక్కించినట్టు మినిట్స్‌ల రాయాలె. దాన్ని లాప్‌టాప్ సంచిలనే పెడితే రెండూ ఒక్కసారే పోతయి. లాప్‌టాప్ ఒకరింట్ల ఉంటే డిస్క్ కోశాధికారి ఇంట్ల ఉండాలె. మూడు నెలలకోసారి అందులో ఒక ఫైలు తెరిచి, తెరుచుకుంటదో లేదో అందరి ముందు చూడాలె. ఖర్చు ఏ పద్దుల రాయాల్నో కార్యదర్శి చెప్తరు. భోజనాలకు లేవకముందే తీర్మానం చేద్దాం.