ప్రాస కుదిరితే చాలునా?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మహిళా కార్యకర్తల కోసం జనగామలో జరిగిన పాటల శిక్షణా శిబిరం ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా ఇక్కడ పాటలు రాశాం, పాడాం, కొంచెం కొట్లాడుకున్నాం కూడా. నిన్న సాయంత్రం మొదలైన కొట్లాట ఇంకా తెగలేదు కనుక నా ముగింపు మాటలు దాని గురించే.

మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తాను రాసుకున్న ర్యాప్ చదివింది. పదో తరగతి హాల్‌టికెట్టూ, తన లగ్గం పత్రికా ఒకే రోజు ఇంటికి వచ్చిన సంగతి అందులో వుంది. వింటున్న వాళ్ళంతా నిశ్శబ్దమైపోయారు. అప్పుడు దరువు నేర్పడానికి భూపాలపల్లి నుంచి వచ్చిన తమ్ముడు, "విషయం మంచిగున్నది అక్కా, కానీ ప్రాస లేదు, పట్టు లేదు. దీన్ని ర్యాప్ అనరు" అన్నాడు. వెనక నుంచి ఒక పెద్దమ్మ, "బతుకు చెప్తుంటే ప్రాసెందుకు బిడ్డా?" అంది. ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి. ఇద్దరి మాటల్లోనూ నిజం వుంది. అయితే ఆ రెండు నిజాలూ ఒకే బరువున్నవా?

సాహిత్యంలో ఇది పాత చర్చే. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని మన రచయితలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ర్యాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ చర్చ మరింత పదునెక్కుతుంది. ఎందుకంటే ఇందులో రాగం పాలు తక్కువ, మాటే వాయిద్యం. 1970లలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ అనే పేదల పేటలో, నల్లజాతి యువతీ యువకుల మధ్య పెరిగిన కళ ఇది. 1982లో వచ్చిన 'ద మెసేజ్' అనే పాట ఆ పేటల దరిద్రాన్ని ప్రపంచానికి వినిపించింది. ఆ తర్వాత రకీమ్ వంటి వాళ్ళు పాదం చివరే కాక పాదం మధ్యలో కూడా ప్రాసలు అల్లి నైపుణ్యాన్ని ఎంతో ఎత్తుకు తీసుకుపోయారు. అదే నైపుణ్యంతో ఆడవాళ్ళను బూతులు తిట్టిన పాటలూ విపరీతంగా అమ్ముడుపోయాయి. ప్రాసలో వాటికి ఏ లోటూ లేదు! 1993లో క్వీన్ లతీఫా 'యూనిటీ' అనే పాటలో ఆ తిట్లకు ఎదురు తిరిగి జవాబు చెప్పింది. ఆమెకూ ప్రాస బాగా తెలుసు. విద్య ఒకటే. అది ఎవరి పక్షాన నిలబడిందన్నదే తేడా.

ఇక మన గడ్డకు వద్దాం. ఇక్కడికి దగ్గరలోని పాలకుర్తి అనగానే, తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ మనకు గుర్తుకొస్తుంది. పాల్కురికి సోమనాథుడిదీ ఆ వూరే. కొన్ని వందల ఏళ్ళ కిందట, సంస్కృతం నిండిన పద్యానికే గౌరవం దక్కే రోజుల్లో ఆయన జాను తెనుగును, ద్విపదను ఎంచుకున్నాడు, నలుగురికీ అర్థం కావాలని. ద్విపదకు నైపుణ్యం అక్కర్లేదని కాదు. దానికీ యతి వుంది, ప్రాస వుంది. ఆయన తన విద్యను జనం వైపు తిప్పాడు, అంతే. ఆయన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాల ప్రస్తావన వుంది. ఆ పాటల పేర్లు మిగిలాయి, వాటిని కట్టి పాడుకున్న ఆడవాళ్ళ పేర్లు మిగల్లేదు.

మన బతుకమ్మ పాటనే చూడండి. పాదం చివర ప్రతిసారీ 'ఉయ్యాలో' వస్తుంది కనుక ప్రాస వెతుక్కునే పని లేదు. ఆ చివరి మాట అందరి ఉమ్మడి సొత్తు. ముందు సగం ఎవరైనా నింపవచ్చు. బడి ముఖం చూడని మనిషి కూడా ఆ వలయంలో నిలబడి ఒక పాదం కలపగలదు. ఇదీ శిల్పమే, చాలా తెలివైన శిల్పం. అయితే అదే ఉయ్యాలోతో అత్తింట అణిగి మణిగి వుండమనే బుద్ధులూ పాడుకున్నాం కదా! తలుపు తెరిచి వున్నంత మాత్రాన చాలదు, ఏ మాటను లోపలికి రానివ్వాలో మనమే నిర్ణయించుకోవాలి.

తండాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు ఢావ్లో తెలుసు. పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడే పాట అది. పెద్దవాళ్ళ దగ్గర ముందే నేర్చుకోవాలి. అంటే మన సమాజంలో ఆడపిల్ల దుఃఖానికి కూడా శిక్షణ వుంది. ఆ పిల్ల ఎంత బాగా పాడినా పెళ్ళి మాత్రం ఆగదు. నైపుణ్యానికి మెప్పు దొరికింది, మాటకు విలువ దొరకలేదు. నిన్నటి ర్యాప్ విని "ప్రాస లేదు" అన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

రాత్రి కొందరం కూర్చుని ఆ అమ్మాయి పాటకు ప్రాస కుదిర్చాం. మొదట ఇలా వచ్చింది:

పెళ్ళి పెళ్ళి పెళ్ళి, ఇంటినిండ లొల్లి
వాడిపోయె తల్లీ, నా గుండెల మల్లి

అందరూ చిటికెలు వేశారు. కానీ హాల్‌టికెట్ ఏమైంది? మల్లెపువ్వు ఎక్కడిది? "ప్రాస కోసం" అన్నారు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. పొద్దున తనే మళ్ళీ రాసుకొచ్చింది:

హాల్‌టికెట్ల నా పేరున్నది, లగ్గం పత్రికల నా పేరున్నది
రెంట్ల ఒక్కటే నిలవాల్నంటే, కత్తెర ఎవ్వరి చేతులున్నది?

ఇప్పుడు ప్రాసా వుంది, హాల్‌టికెట్టూ తిరిగొచ్చింది. దాంతోపాటు నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న కూడా వచ్చింది. అందరికన్నా ముందు లేచి దరువు వేసింది ఆ తమ్ముడే.

హక్కుల గురించి పాడే మనకు ఇంకో జాగ్రత్త కావాలి. పదహారుకు సినిమా పాటల్లో కావలసినన్ని ప్రాసలున్నాయి, పద్దెనిమిదికి దొరకడం కష్టం. దొరకలేదని అంకె మారిస్తే నష్టపోయేది మన పిల్లలే. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం పెళ్ళికి ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండాలి. ఆలోపు జరిగిన పెళ్ళిని రద్దు చేయమని ఆడపిల్ల తనకు 20 ఏళ్ళు నిండేలోగా జిల్లా కోర్టును అడగవచ్చు. ఆపదలో వున్న పిల్లల కోసం 1098 నంబరు వుంది. ఇవి పాటలో తప్పు పోవడానికి వీల్లేదు. ప్రాస విరిగినా సరే.

మన లోపం కూడా ఒప్పుకుందాం. హక్కులు, చట్టాలు, సాధికారత అంటూ నినాదాలు పేర్చి పాట అనిపించుకున్నవి మన సంఘాల్లో ఎన్ని లేవు? మర్నాటికి అవి మనకే గుర్తుండవు. విషయం గొప్పదైతే చాలుననుకోవడం వినేవాళ్ళను చిన్నచూపు చూడడమే.

1999లో భువనగిరి ప్రాంతపు గాయని, నూలుమిల్లులో పనిచేసిన బెల్లి లలితను చంపి ముక్కలు చేశారు. గొంతు బాగున్నందుకు ఎవరూ ఎవరినీ చంపరు. ఆ గొంతు ఏ మాటలు మోస్తోందో చూసే భయపడతారు. అయితే ఆ గొంతే లేకపోతే అంతమంది జనం ఆమె పాట వినడానికి వచ్చేవారూ కాదు. ఈ రెండో సగాన్ని మనం మరిచిపోకూడదు.

అందుకని నా మాట ఇది. విషయమే ముందు. రెండూ తగువు పడ్డ చోట ప్రాసే తగ్గాలి. తగువు లేని చోట మాత్రం ప్రాసను, దరువును, ఊపిరి పట్టడాన్ని శ్రద్ధగా నేర్చుకుందాం. మన విషయం జనం నోట నిలవాలి కదా! ఏ అమ్మాయైనా తన మాట తెస్తే మొదట పూర్తిగా విందాం, ప్రాస సంగతి తర్వాత ఆమెతో కలిసి కూర్చుని చూద్దాం. ఆమె మాటను ఆమె బదులు మనం దిద్దవద్దు. రాత్రి మేం చేసిన పొరపాటు అదే.

నా ఉపన్యాసం కన్నా ఆ రెండు పాదాలే ఎక్కువ కాలం గుర్తుంటాయని నాకు తెలుసు. అందరూ లేవండి, బస్సుల వేళయ్యేలోగా ఆ పాట ఇంకోసారి పాడుకుందాం.