డర్బన్ రేవులో దిగని ఆయుధాలు
(మే దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మే దినం నాడు ఎక్కడో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 1860లో మొదలుకొని మద్రాసులో ఓడలెక్కిన తెలుగువారు, తమిళులు, వారితోపాటు కొందరు ముస్లిములు చెరకుతోటల కూలీలుగా దిగిన రేవు అది. అయితే నేను చెప్పదలచినది 2008 ఏప్రిల్ నాటి సంగతి.

ఆ యేడు మార్చి 29న పొరుగుదేశమైన జింబాబ్వేలో ఎన్నికలు జరిగాయి. 1980 నుండి అధికారంలో ఉన్న ముగాబేకు ఎదురు నిలిచిన మోర్గాన్ చాంగిరాయ్ ఒకప్పుడు అక్కడి కార్మిక సంఘాల సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి. వారాలు గడిచినా అధ్యక్ష ఎన్నిక ఫలితం ప్రకటించలేదు. ప్రతిపక్షం వారిపై దాడులు సాగుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆన్ యూ జియాంగ్ అనే చైనా ఓడ డర్బన్ చేరింది. జింబాబ్వేకు సముద్రతీరం లేదు గనుక సరుకు దక్షిణాఫ్రికా రోడ్ల మీదుగా పోవలసి ఉంది. ఆ సరుకు ఏమిటంటే, సుమారు 30 లక్షల తూటాలు, 1,500 రాకెట్ గ్రెనేడ్లు, వేలకొద్దీ మోర్టారు గుండ్లు.

దక్షిణాఫ్రికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కాగితాలన్నీ సక్రమం. జీవితమంతా గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి గనుక చెబుతున్నాను, సక్రమమైన కాగితం మీద ఎంత అన్యాయమైనా సాగిపోగలదు. నా బల్ల మీదుగా కూడా అటువంటివి పోయాయి. నేను ఆపలేదు.

అక్కడి రవాణా కార్మికుల సంఘం 'సటావు' ఆపింది. తమ సభ్యులు ఆ పెట్టెలను దించరని, లారీలలో మోయరని దాని ప్రధాన కార్యదర్శి ర్యాండల్ హోవర్డ్ ప్రకటించారు. ఆంగ్లికన్ బిషప్ రూబిన్ ఫిలిప్ తదితరులు హైకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 18న ఆయుధాల రవాణాను నిలిపివేస్తూ ఉత్తర్వు వెలువడింది. దానిని అందజేసేలోగానే ఓడ లంగరెత్తి వెళ్లిపోయింది. ఇతర రేవుల కార్మికులకూ పిలుపు అందింది. చివరకు అంగోలాలో ఆ దేశపు సరుకును మాత్రమే దించనిచ్చారు. ఓడను వెనక్కి రప్పిస్తున్నట్లు చైనా తెలిపింది.

2009 ఫిబ్రవరిలో, గాజాపై దాడికి నిరసనగా ఇజ్రాయిల్ నుండి వచ్చే ఓడ సరుకును దించబోమని ప్రకటించినది కూడా ఈ సంఘమే. ఆ వార్తకు మనవారు సంతోషించారు. జింబాబ్వే వార్తను మనలో ఎందరు చదివారు? అక్కడ బాధితులు మన మతం వారు కారు. డర్బన్ కార్మికులు ఆ లెక్క చూడలేదు.

అయినా వారిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ ఓడ వెళ్లి నెల తిరగకముందే, మే 11న, జొహాన్నెస్‌బర్గ్‌లోని అలెగ్జాండ్రా బస్తీలో వలసవచ్చిన వారిపై దాడులు మొదలయ్యాయి. ఇతర నగరాలకూ పాకాయి. అరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్లు కోల్పోయిన వారిలో జింబాబ్వే వారెందరో. మా పనులు లాక్కుంటున్నారన్నదే వారిపై మోపిన నేరం. అటువంటి నేరారోపణ మనకు కొత్తది కాదు. కార్మిక సంఘాల సమాఖ్య 'కొసాటు' ఆ దాడులను ఖండించింది. కాని దాని సభ్యులు నివసించేదీ అటువంటి బస్తీలలోనే. అందుకే ఆ ఏప్రిల్‌ను, ఆ మే నెలను నేనెప్పుడూ విడదీసి చదవలేకపోయాను.