ఆలయ జీర్ణోద్ధరణలో కొలతల చిత్రాలు – టాబ్లెట్ వినియోగం

(మహాకుంభాభిషేక సందర్భమున ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణమైన ఆలయాన్ని విప్పి తిరిగి కట్టేటప్పుడు అందరి దృష్టీ రాతిపైనే నిలుస్తుంది. ఆ రాతికంటే ముందు సిద్ధం కావలసిన కొలతల చిత్రాన్ని గురించి, దానిని నేడు టాబ్లెట్‌పై గీసే విధానాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

చిత్రానికి ఎంత విలువ ఉన్నదో మన అమరావతి చరిత్రే చెబుతుంది. కాలిన్ మెకంజీ అక్కడి మహాస్తూపాన్ని 1797 ప్రాంతంలో తొలిసారి చూశారు. 1816లో తిరిగి వచ్చేనాటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడి ఉన్నది; ఎన్నో ఫలకాలు ఇతర కట్టడాలకు తరలిపోయాయి. మిగిలినవాటిని ఆయన సిబ్బంది గీసి ఉంచారు. ఆ చిత్రాల సంపుటం నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులోని కొన్ని ఫలకాలు ఇప్పుడు ఎక్కడా కానరావు. వాటికి మిగిలిన రూపం ఆ గీతలే. నాగార్జునకొండ విషయం వేరు. జలాశయంలో మునగనున్న ఆ లోయలో 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్య కట్టడాలను కొండపైనా, అనుపులోనూ పునర్నిర్మించారు. కొలతలు పదిలంగా ఉండబట్టే అది సాధ్యమైనది.

తెరపై కలంతో గీయడం నిన్నటి వింత కాదు. 1963లోనే అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాముతో దానిని చేసి చూపారు. నేటి టాబ్లెట్‌లో మన పనికి మిక్కిలి ఉపకరించేది పొరల ఏర్పాటు. ఒక పొరలో కట్టడం ఉన్నది ఉన్నట్లు. రెండవ దానిలో పగుళ్లు, విరుగుళ్లు, ప్రతి రాతికీ వేసిన సంఖ్య. మూడవ దానిలో స్థపతి ప్రతిపాదించిన మార్పు. ఏది పాతదో, ఏది కొత్తదో అప్పుడు ఎవరికీ సందేహముండదు.

ప్రతిమా లక్షణంలోనూ ఇది సహాయకారియే. ఉత్తమ దశతాళ విగ్రహం ఎత్తును 124 దేహాంగుళాలుగా విభజిస్తారు. విగ్రహం 62 అంగుళాల ఎత్తుంటే ఒక దేహాంగుళం అర అంగుళమవుతుంది. ఎత్తు మారితే అన్ని అవయవాల కొలతలూ అదే నిష్పత్తిలో మారాలి. యంత్రం ఆ లెక్కను క్షణంలో చేస్తుంది. ఏ దేవతకు ఏ తాళమో నిర్ణయించేది మాత్రం శాస్త్రమెరిగిన స్థపతియే.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఫోటోపై గీతలు దిద్ది అదే కొలత అనుకోరాదు. కెమెరా కాస్త వంగినా స్తంభం వంగుతుంది. టేపుతో కొలిచిన అంకెను చిత్రంపై వ్రాయాలి. అధిష్ఠానంలో కుముదం వంటి వంపులకు, గుండు కట్టిన నిలువు దారం నుండి ఒక్కొక్క ఎత్తు వద్ద దూరాన్ని కొలిచి గుర్తించాలి. ఎండ విషయమూ మరువరాదు. ఐప్యాడ్‌ను పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటని చోట వాడమని తయారీదారుల సూచన. మన వేసవి 40 దాటుతుంది కనుక కొలతల పని తెల్లవారుజామున చేసి, చిత్రాన్ని నీడలో పూర్తి చేయడం మేలు.

ఇక నా విన్నపం. మన పల్లెల్లో పాత మండపం బలహీనపడితే, చందాలు పోగు కాగానే విప్పి సిమెంటు కట్టడం లేపే తొందర కనిపిస్తుంది. కళాకర్షణ జరిపి స్వామివారిని బాలాలయంలో నిలిపిన తరువాత, మొదటి రాయి కదిలించే లోపల కొన్ని రోజులు కొలతలకు కేటాయించండి. చదువుకున్న మన పిల్లలకు టాబ్లెట్ ఇచ్చి, అనుభవజ్ఞుడైన శిల్పి వెంట నిలపండి. పిల్లలకు లక్షణం తెలుస్తుంది, శిల్పికి పరికరం అలవడుతుంది. చిత్రంపై తేదీ, కొలిచినవారి పేరు ఉండాలి. యంత్రం పాడైతే అందులోని చిత్రమూ పోగలదు కనుక కాగితంపై అచ్చు తీసి ఒక ప్రతిని ఆలయ కార్యాలయంలో, మరొకటి స్థపతి వద్ద భద్రపరచాలి.

మళ్లీ జీర్ణోద్ధరణ చేయవలసిన తరం మన మనుమలదో, వారి మనుమలదో. వారికి మనం అందించగల సహాయం ఈ కొలతలే. భగవదనుగ్రహం అందరికీ కలుగుగాక.

స్వస్తి.