పడలేదు, గుద్దారు: సైకిల్ మీద పోయే మనోళ్ల నష్టపరిహారం హక్కు

(ఆదివాసీ యువత కోసం జరిగిన చట్టాల శిక్షణ తరగతిలో ఒక పారాలీగల్ వాలంటీర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటల్నే కొద్దిగా సరిదిద్ది పెడుతున్నాం.)



లోపలికి వస్తూ బయట గోడకు ఆనించిన సైకిళ్లు చూశాను. మన గూడేల్లో మోటారు బండ్లు పెరిగిన మాట నిజమే. కానీ సంతకు, తునికాకు కల్లానికి, మిర్చి కోతకు సైకిల్ మీద పోయే పెద్దోళ్లు ఇంకా ఉన్నారు. బడికి సైకిల్ తొక్కే పిల్లలు ఉన్నారు. అదే రోడ్డు మీద ఇసుక లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు తిరుగుతున్నాయి. అందుకే ఈ రోజు భూమి పట్టాల గురించి కాకుండా రోడ్డు గురించి మాట్లాడతా.

ముందు మా మేనమామ సంగతి చెప్తా.

అప్పుడు మామకు 38 ఏళ్లు. సంత నుంచి చీకటి పడే వేళ సైకిల్ మీద వస్తున్నాడు. వెనక నుంచి లారీ గుద్దింది. కుడికాలు మోకాలి కింద విరిగింది. లారీ వాళ్లే ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయారు. మంచోళ్లే అనుకున్నాం. డాక్టర్ ఏమైందని అడిగితే క్లీనర్ ముందుకొచ్చి చెప్పాడు: "సైకిల్ మీంచి పడ్డాడు సార్." మామకు కోయ మాట తప్ప తెలుగు అంతంత మాత్రం. ఆ నొప్పిలో ఎవరేం చెప్తున్నారో కూడా తెలియదు. డాక్టర్ అదే రాసుకున్నాడు.

మూడో రోజు ఓనర్ తరఫు మనుషులు గూడేనికి వచ్చారు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. "కేసు గీసు అంటే కోర్టుల చుట్టూ తిరగాలి, మీకెందుకు" అన్నారు. ఇరవై వేలు చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మామ దవాఖాన నుంచి వచ్చేసి నాటు కట్టు కట్టించుకున్నాడు. కాలు వంకరగా అతికింది. ఇప్పుడు తాడిచెట్టు ఎక్కలేడు, నాగలి పట్టలేడు. ఆ ఇరవై వేలు ఆ ఎండాకాలం కూడా దాటలేదు.

తర్వాత నేను ఈ పని నేర్చుకున్నాక మామ కాగితాలన్నీ తీసి చూశా. ఎఫ్ఐఆర్ లేదు. లారీ నంబరు ఎక్కడా లేదు. ఉన్నదల్లా దవాఖాన చీటీ మీద ఒక్క మాట: సైకిల్ మీంచి పడ్డాడు. లారీ మామ కాలు విరగ్గొడితే, ఆ మాట మామ కేసును విరగ్గొట్టింది.

నేను ఇవాళ చెప్పేదంతా ఇందులోనే ఉంది. నష్టపరిహారం ఎవరి దయా కాదు, అది హక్కు. కానీ ఆ హక్కు బతకాలంటే మొదటి రెండు మూడు రోజుల్లో పుట్టే కాగితం సరిగా పుట్టాలి.

హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోటారు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ థర్డ్ పార్టీ ఎవరు? బండి బయట ఉండి దెబ్బ తిన్నవాళ్లు. అంటే మీరే, నేనే, మా మామే. సైకిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. "నీ సైకిల్‌కు కాగితాలేవి?" అని ఎవరైనా బెదిరిస్తే నవ్వి ఊరుకోండి. కాగితాలు ఉండాల్సింది గుద్దిన బండికి. ఇంకో మాట. చాలాసార్లు ఆ డబ్బు ఓనర్ జేబులోంచి కూడా రాదు, ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. "పాపం, ఆయన ఎక్కడ తెచ్చిస్తాడు" అని మన పెద్దోళ్లు జాలిపడి ఒప్పుకుంటారు. ఆ జాలి ముందు మనింటి మనిషి మీద చూపిద్దాం.

ఇప్పుడు మొదటి రోజు ఏం చేయాలో చెప్తా. రాసుకోండి.

ఒకటి, బండి నంబరు. ఫోన్ ఉంటే ఫోటో తీయండి. బండిని, పడిన సైకిల్‌ను, రోడ్డును, టైరు గుర్తులను తీయండి. లేకపోతే చేతి మీదైనా నంబరు రాసుకోండి. చూసినవాళ్ల పేర్లు అడిగి పెట్టుకోండి. సైకిల్‌ను వెంటనే బాగు చేయించకండి. వంగిన వెనక చక్రం కూడా సాక్ష్యమే. వెనక నుంచి గుద్దారని అదే చెప్తుంది.

రెండు, 108కి ఫోన్ చేసి దవాఖానకు పోవాలి. మనోళ్లలో ఒకరు తప్పకుండా వెంట ఉండాలి. డాక్టర్ అడిగితే "ఫలానా నంబరు బండి గుద్దింది" అని మనమే చెప్పాలి. ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుగా రాయమని అడగాలి. ఏం రాశారో చదివించుకోవాలి. నాటు కట్టు కట్టించుకోవద్దని నేను అనను, అది మన తాతల విద్య. కానీ ముందు దవాఖానలో ఎక్స్‌రే తీయించి, చీటీ చేతిలోకి వచ్చాకే మిగతావి. దవాఖాన చీటీ లేని గాయం కోర్టుకు కనపడదు.

ఖర్చు గురించి భయపడి దవాఖాన మానొద్దు. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం పెట్టింది. రోడ్డు ప్రమాద బాధితులకు పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం అందాలి. చేర్చేటప్పుడే ఈ పథకం పేరు చెప్పి అడగండి. దెబ్బ తిన్నవాళ్లను తీసుకొచ్చిన వాళ్లు కూడా భయపడొద్దు. మంచి మనసుతో సాయం చేసినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది.

మూడు, ఎఫ్ఐఆర్. స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇవ్వండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. మన పెద్దోళ్లు కోయలోనో గోండిలోనో చెప్తే, తెలుగులో రాసింది వాళ్లకు వాళ్ల భాషలో చెప్పాకే వేలిముద్ర వేయించాలి. ఆ పని ఇక్కడ కూర్చున్న మీది. చదువుకున్న పిల్లలు పక్కనుంటే క్లీనర్ మాట రికార్డుకెక్కదు.

ఇక డబ్బు వచ్చే దారులు మూడున్నాయి.

మొదటి దారి, గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు. రాత్రి గుద్ది వెళ్లిపోయాడు, నంబరు లేదు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదలొద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మనిషి చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి, కలెక్టర్ మంజూరు చేయాలి. నెలలోపు బండి ఆచూకీ దొరకకపోతే, ఈ పథకం కింద అడగొచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీకు ఆ కాగితం రాకపోతే మీరే పోయి అడగండి.

రెండో దారి 164 సెక్షన్. తప్పు ఎవరిదని చూడకుండా ఇచ్చేది. చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు. తీవ్ర గాయం అంటే కాళ్లు చేతులు పోవడమే అనుకోకండి. ఎముక విరిగినా, పన్ను విరిగినా చట్టం లెక్కలో తీవ్ర గాయమే.

మూడో దారి 166 సెక్షన్. జిల్లాలో మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంటుంది. అక్కడ డ్రైవర్ నిర్లక్ష్యం చూపించి, పూర్తి నష్టం అడగొచ్చు. దీనికి పై పరిమితి లేదు. కానీ ఒక జాగ్రత్త: 164 కింద కంపెనీ ఇచ్చే డబ్బు ఒప్పుకుని తీసుకుంటే 166 కేసు రద్దవుతుంది. ఏది మేలో వకీలును అడిగాకే సంతకం పెట్టండి.

"కోర్టులో మనకెంత ఇస్తార్లే" అంటారు. మా మామ లెక్కే వేద్దాం. కూలీ, వ్యవసాయం, కల్లు అన్నీ కలిపి నెలకు 12 వేలు అనుకుందాం. ఏడాదికి 1,44,000. 40 ఏళ్లలోపు వాళ్లకు ముందు ముందు సంపాదన పెరుగుతుందని 40 శాతం కలుపుతారు. 2,01,600 అవుతుంది. కాలు వంకర పోవడం వల్ల సంపాదించే శక్తి 40 శాతం తగ్గిందని కోర్టు నమ్మితే ఏడాది నష్టం 80,640. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు దాన్ని 15తో గుణిస్తారు. 12,09,600 రూపాయలు. దీని మీద వైద్యం ఖర్చు, పడిన నొప్పికి, పనికి పోలేని రోజులకు వేరే. లెక్క కోసం అనుకున్న అంకెలే ఇవి, కేసును బట్టి మారతాయి. కానీ ఆ ఇరవై వేలను దీని పక్కన పెట్టి చూడండి.

సంపాదించే శక్తి అన్న మాట గుర్తుపెట్టుకోండి. డాక్టర్ సర్టిఫికెట్‌లో కాలుకు ఇంత శాతం అని రాస్తాడు. కోర్టు చూడాల్సింది ఆ గాయం ఆ మనిషి పనిని ఎంత దెబ్బతీసిందని. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కు బతుకుతెరువే పోతుంది, గుమాస్తా తన పని చేసుకోగలడు. అలాగే కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి వంకర కాలు ఒక ఇబ్బంది. తాడిచెట్టు ఎక్కేవాడికి అదే బతుకు. మనోళ్ల పని ఏంటో, కాలు ఎందుకు కావాలో కోర్టుకు విడమరచి చెప్పాలి. జీతం చీటీ లేదని అడగడం మానొద్దు. ఉపాధి హామీ జాబ్ కార్డు, తునికాకు కార్డు, కూలీకి పిలిచిన రైతు సాక్ష్యం, అన్నీ పనికొస్తాయి. ఇంటిపని చేసే ఆడవాళ్ల శ్రమకూ కోర్టులు విలువ కడుతున్నాయి.

కంపెనీ వకీలు ఏమంటాడో కూడా చెప్తా. "సైకిల్‌కు లైటు లేదు, రాంగ్ సైడ్‌లో వచ్చాడు" అంటాడు. అది నిజంగా రుజువైతే మన తప్పు ఎంత శాతమో అంత కోస్తారు, మొత్తం పోదు. అయినా ఆ మాట అనే అవకాశం ఎందుకివ్వాలి? ఈ రోజే ఇంటికి పోయి సైకిల్ వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ బిగించండి. కొద్ది ఖర్చు. ప్రాణమూ కాపాడుతుంది, కేసూ కాపాడుతుంది.

బండికి ఇన్సూరెన్సే లేకపోతే? ఓనర్ కట్టాలి. అలాంటి బండిని పూచీకత్తు లేకుండా వదలొద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే బండి స్టేషన్‌లో ఉండగానే వకీలు చేత అడిగించాలి.

గడువు సంగతి. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌లో వేయాలని చట్టానికి మార్పు తెచ్చారు, అది 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది కానీ, మనం మాత్రం 6 నెలలే అనుకుని కదలాలి. పోలీసులు ప్రమాదం సంగతి 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలని నియమం ఉంది. పంపుతార్లే అని కూర్చోకండి, పోయి కనుక్కోండి. మిర్చి కోతకు వేరే జిల్లా పోయి అక్కడ దెబ్బ తగిలినా, మీరుండే చోటి ట్రిబ్యునల్‌లోనే కేసు వేయొచ్చు.

వకీలు ఫీజు ఎవరిస్తారు? ఇది మనోళ్లకు చాలామందికి తెలియదు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లో 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కుల ధ్రువపత్రం పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేకపోతే 15100కి ఫోన్ చేయండి. దవాఖాన గేటు దగ్గరే "వచ్చినదాంట్లో ఇంత శాతం నాది" అని బ్రోకర్లు వస్తారు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకే నిషేధం, బ్రోకర్‌కు ఎక్కడిది హక్కు? ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం వద్దు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే మళ్లీ అప్పీలు ఉండదు, కాబట్టి ఆ రోజు అంకె విని, లెక్క వేసుకుని, అప్పుడే తలూపండి.

మన పెద్దమనుషుల పంచాయితీని నేను తక్కువ చేయడం లేదు. పొలం గట్టు తగాదా, ఇంటి తగాదా వాళ్లు తీర్చినంత బాగా ఎవరూ తీర్చలేరు. కానీ లారీ ఓనర్ మన కులదైవానికి మొక్కేవాడు కాదు, మన కట్టుబాటుకు లోబడేవాడు కాదు. తనకు లాభం కనుకే ఆ రోజు మన చెట్టు కింద కూర్చుంటాడు. మన పెద్దలకు ఈ లెక్క ముందే చెప్పి ఉంచండి. ఇప్పటికే ఎవరైనా వేలిముద్ర వేసి ఉంటే, ఆ కాగితం చూసి ఆశ వదులుకోవద్దు. గడువు లోపల న్యాయ సేవా వకీలుకు చూపించండి.

చివరగా ఒక పని. ఇక్కడ నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరు మీ గూడెంలో సైకిల్ తొక్కే ప్రతి ఇంటికి పోయి రెండు మాటలు వాళ్ల భాషలోనే నేర్పండి. "పడలేదు, గుద్దారు." "చదివి చెప్పాకే వేలిముద్ర."

మా మామకు ఆ రెండు మాటలు చెప్పేవాళ్లు ఆ రోజు పక్కన లేరు. నేను కాలేజీ హాస్టల్‌లో ఉన్నా. మీరు మీ మామల పక్కన ఉండండి.

జై ఆదివాసీ.